నీళ్ళు ఉన్నాయా, లేవా? కొండవాగు రాళ్ళ ఫొటో వెనకున్న కాంతి లెక్క

తేటనీటి అడుగున ఎర్రటి, పచ్చటి, బూడిదరంగు రాళ్ళు. ఒక్కో రాయి మీది చారల్ని లెక్కపెట్టొచ్చు. అక్కడ నీళ్ళున్నాయని తెలిసేది ఎక్కడో ఒక మూల మెరిసే అల అంచు వల్లే. ఇలాంటి ఫొటో ఫోన్లో కనిపించినప్పుడల్లా చూసినవాళ్ళు రెండు పక్షాలవుతారు. ప్రకృతి ఎంత అందమైనదో అని కొందరు మురిసిపోతే, ఇదంతా కంప్యూటర్లో చేసిందేనని కొందరు కొట్టిపారేస్తారు. బొమ్మల్ని అడిగితే పుట్టించే సాఫ్ట్‌వేర్లు వచ్చాక రెండో పక్షం ఇంకా పెరిగింది.

ఈ తగవు తెగకపోవడానికి కారణం ఉంది. రాయి నుంచి బయల్దేరిన కాంతి కెమెరా చేరేలోపే చాలా మార్పులకు లోనవుతుంది. తడిసిన రాయి ఒంటి మీద ఒకసారి, నీటి లోతులో ఒకసారి, నీటి పైతలం దగ్గర మరోసారి. ఫొటోగ్రాఫర్ చేయి పడకముందే ఇన్ని జరుగుతాయి. వాటిని విడివిడిగా చూస్తే తప్ప ఎక్కడిదాకా ప్రకృతి పని, ఎక్కడినుంచి మనిషి పని అన్నది తేలదు.

## కొండవాగు అడుగు ఎందుకు కనిపిస్తుంది

నీరు మసకబారేది దానిలో తేలే సన్నటి ఒండ్రు వల్ల, నాచు కణాల వల్ల. కొండవాగు వాలు ఎక్కువ, ఉరవడి ఎక్కువ. సన్నటి మట్టి అక్కడ నిలవదు, కిందికి కొట్టుకుపోతుంది. నీరు చల్లగా, పోషకాలు తక్కువగా ఉండటంతో నాచు కణాలు విపరీతంగా పెరగవు. అందుకే వాన లేని రోజుల్లో అడుగు అద్దంలో చూసినట్టుంటుంది. ఒక్క గట్టి వాన పడితే అదే వాగు ఎర్రమట్టి రంగుకు తిరుగుతుంది. హిమానీనదాల కింద పుట్టే ఏరుల సంగతి వేరు. మంచు రాతిని అరగదీసిన పిండిలాంటి పొడి వాటిలో తేలుతూ ఉంటుంది కాబట్టి అవి పాలు కలిపినట్టుంటాయి.

రాళ్ళ మధ్య తాకిడే వాటిని గుండ్రంగా చేస్తుంది. ముందు మూలలు అరుగుతాయి, ఆ తర్వాత అరుగుదల నెమ్మదిస్తుంది. భూగర్భ శాస్త్రవేత్తలు వాడే కొలత ప్రకారం 4 నుంచి 64 మిల్లీమీటర్ల మధ్యవి గులకరాళ్ళు, 256 మిల్లీమీటర్ల దాకా ఉన్నవి గుండ్రాళ్ళు, అంతకు మించితే బండలు. చదునైన రాళ్ళయితే వాటి పైతలం ప్రవాహం వచ్చే దిక్కుకు దిగుతూ, పెంకుల్లా ఒకదాని మీద ఒకటి ఒరిగి ఉంటాయి. నీరు పూర్తిగా ఎండిపోయిన వాగులో కూడా ఏటి నడక ఎటువైపో ఆ వాలు చెబుతుంది. ఫొటోలో అడుగు ఒక లయతో ఉన్నట్టు అనిపిస్తే, చాలాసార్లు ఆ లయ ఈ ఒరుగుదలదే.

## నీటి పైతలం: ఒకచోట కిటికీ, ఒకచోట అద్దం

ఇక అసలు చిక్కు. నీటి మీద పడ్డ కాంతిలో కొంత లోపలికి పోతుంది, కొంత వెనక్కి తిరుగుతుంది. తిరిగేది ఎంతన్నది చూసే కోణాన్ని బట్టి ఉంటుంది. వంగి నేరుగా కిందికి చూస్తే నీరు వెనక్కి పంపేది 2 శాతమే. నిలువు గీత నుంచి 53 డిగ్రీల వాలులో చూస్తే దాదాపు 4 శాతం. 70 డిగ్రీల దగ్గర 13 శాతం. 80 డిగ్రీల దగ్గర ఏకంగా 35 శాతం. కాళ్ళ దగ్గరి నీరు కిటికీలా, దూరపు నీరు అద్దంలా ఉండేది ఇందుకే.

రెండు శాతం, నాలుగు శాతం ఏమంత లెక్క అనిపించవచ్చు. కానీ ఆకాశానికీ రాయికీ వెలుగులో ఎంత తేడా ఉందో చూడాలి. లోయ నీడలో ఉన్న ఒక మడుగును ఊహించుకుందాం. నీటి పైతలాన్ని కింది నుంచి తాకే రాయి వెలుగు 100 పాళ్ళు, మీద కనిపించే ఆకాశం వెలుగు 1000 పాళ్ళు అనుకుందాం. నేరుగా కిందికి చూస్తే ఆకాశపు ప్రతిబింబం 20 పాళ్ళు, రాయి 98 పాళ్ళు. రాయిదే పైచేయి. 70 డిగ్రీల వాలులో చూస్తే ప్రతిబింబం 133, రాయి 87. ఇప్పుడు రాయి ఓడిపోయింది. 80 డిగ్రీల దగ్గర ప్రతిబింబం 350, రాయి 65. అక్కడ రాయి ఉందన్న సంగతే కెమెరాకు పట్టదు.

ఇదే లెక్కను తిప్పి చూడండి. నీటిలో ప్రతిఫలించేది ఆకాశం కాక నల్లటి కొండ చరియో, దట్టమైన చెట్ల నీడో అయితే? దాని వెలుగు 1000 బదులు 50 ఉంటే, 70 డిగ్రీల దగ్గర కూడా ప్రతిబింబం 7 పాళ్ళకు మించదు. అంటే ఏ ఫిల్టరూ లేకుండానే అడుగు కనిపిస్తుంది. రెండడుగులు పక్కకు జరిగి, నీటిలో ఆకాశం పడే చోట చరియ నీడ పడేలా నిలబడటం ఈ రకం ఫొటోలో అన్నిటికంటే విలువైన కదలిక. దీనికి కొనాల్సింది ఏమీ లేదు కాబట్టే కాబోలు, దీని గురించి ఎక్కువమంది మాట్లాడరు.

## పోలరైజర్ ఏం చేస్తుంది, ఏం చేయలేదు

కాంతి తరంగం అడ్డంగానో నిలువుగానో, ఏ దిశలోనైనా కంపించగలదు. మామూలు వెలుతురులో అన్ని దిశల కంపనాలూ కలిసే ఉంటాయి. నీటి మీద తిరగబడ్డ కాంతిలో మాత్రం తలానికి సమాంతరంగా, అంటే అడ్డంగా కంపించేది ఎక్కువగా మిగులుతుంది. దీన్నే ధ్రువణం అంటారు. 1808లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఎటియెన్ లూయీ మాలుస్, పారిస్‌లోని లక్సెంబర్గ్ భవనం కిటికీ అద్దాల మీద మెరిసే అస్తమయ సూర్యుణ్ణి ఒక స్ఫటికం గుండా చూస్తూ దీన్ని గమనించాడు. 1815లో డేవిడ్ బ్రూస్టర్ దానికి సూత్రం కట్టాడు. ఒక ప్రత్యేక కోణంలో ప్రతిఫలించిన కాంతి పూర్తిగా ధ్రువణం చెందుతుంది. నీటికి ఆ కోణమే పైన చెప్పిన 53 డిగ్రీలు.

పోలరైజర్ ఫిల్టర్ ఒక దిశలో కంపించే కాంతినే రానిస్తుంది. దాన్ని తిప్పి అడ్డ కంపనాన్ని ఆపేస్తే, 53 డిగ్రీల దగ్గర ప్రతిబింబం మాయమవుతుంది. ఈ కోణాన్ని కొలబద్ద లేకుండా పట్టుకోవచ్చు. నీటిలో కాంతి ఎంత వంగుతుందో చెప్పే అంకె, అంటే వక్రీభవన గుణకం, 1.33. బ్రూస్టర్ కోణపు టాంజెంట్ కూడా అంతే. అంటే కెమెరా నీటికి ఎంత ఎత్తున ఉందో, దానికి సుమారు 1.33 రెట్ల దూరంలో ఫిల్టర్ బలంగా పనిచేస్తుంది. కెమెరా ఒకటిన్నర మీటర్ల ఎత్తున ఉంటే 2 మీటర్ల దూరంలో. కూర్చుని 60 సెంటీమీటర్ల ఎత్తున పట్టుకుంటే 80 సెంటీమీటర్ల దూరంలో.

ఆ చోటుకు అటూ ఇటూ ఫలితం తగ్గుతుంది. 70 డిగ్రీల దగ్గర 13 శాతం ప్రతిబింబం 5 శాతం లోపుకు దిగుతుంది, అది గొప్ప మేలే. 80 డిగ్రీల దగ్గర మాత్రం ఫిల్టర్ పెట్టినా ఇంకా 24 శాతం మిగులుతుంది. నేరుగా కిందికి చూసినప్పుడైతే ప్రతిబింబంలో ధ్రువణమే ఉండదు. కాబట్టి ఫిల్టర్ చేసేది కాంతిని తగ్గించడం ఒక్కటే. ఒకటి నుంచి రెండు స్టాపుల వెలుగు దానికి ధారపోయాలి (ఒక స్టాపు తగ్గడమంటే వెలుగు సగం కావడం). అలలు రేగిన నీటిలో ప్రతి అల వాలూ వేరే కోణం కాబట్టి మెరుపులు కొన్ని పోతాయి, కొన్ని ఉండిపోతాయి. ఫోన్‌తో తీసేవాళ్ళు పోలరైజ్డ్ చలువ కళ్ళద్దాలను లెన్స్ ముందు పెట్టి తిప్పినా ఈ మార్పు చూడొచ్చు. అద్దం తిప్పుతుంటే తెల్లటి మెరుపు తెరలా పక్కకు జరిగి, కింద రాళ్ళు బయటపడే ఆ క్షణం నాకు ఎన్నిసార్లు చూసినా తనివి తీరనిది.

ఇది మోసమా? ఫిల్టర్ రాయి నుంచి కొత్తగా ఏమీ పుట్టించదు. అక్కడికి వచ్చిన కాంతిలో ఆకాశానిది తీసి, రాయిది ఉంచుతుంది. ఒడ్డున నిలబడ్డ మనిషి కూడా తల తిప్పుతూ, రెండు కళ్ళతో చూస్తూ, మెరుపును పట్టించుకోకుండా అడుగునే చూడగలడు. కెమెరాకు ఉన్నది ఒకే కన్ను, అదీ ఒకే క్షణం తెరుచుకునేది. అందువల్ల ఫిల్టర్‌తో తీసిన ఫొటోయే చూసినవాడి జ్ఞాపకానికి దగ్గరగా ఉందన్న వాదనలో బలముంది. ఎదుటి వాదన కూడా తేలికది కాదు. మెరుపు కూడా ఏటిలో భాగమే, దాన్ని పూర్తిగా తుడిచేస్తే నీళ్ళు లేని రాళ్ళగుట్ట మిగులుతుందని. అందుకే చాలామంది ఫిల్టర్‌ను చివరిదాకా తిప్పరు. కొంత మెరుపు ఉంచుతారు.

## తడి రాయి రంగు, లోతు మింగే ఎరుపు

ఏటిలో మెరిసిన రాయిని జేబులో వేసుకుని ఇంటికి తెచ్చి చూస్తే వెలవెలబోతుంది. ఈ నిరాశ అందరికీ తెలిసిందే. ఎండిన రాయి మీద గరుకు ఎక్కువ. ఆ గరుకు తెల్లటి వెలుగును అన్ని వైపులకూ చిమ్ముతుంది, అది రంగు మీద సున్నం పూసినట్టు పరుచుకుంటుంది. తడిసినప్పుడు నీరు ఆ గరుకును నింపుతుంది. గాలికీ రాతికీ మధ్య ఉన్నంత తేడా నీటికీ రాతికీ మధ్య ఉండదు కాబట్టి పైపై చిమ్ముడు తగ్గి, వెలుగు రాతిలోకి ఇంకా లోతుగా దిగుతుంది. రాయి ముదురుగా, రంగు చిక్కగా కనిపిస్తుంది. పొడి రాయిదే అసలు రంగని తీర్పు చెప్పడానికి ఆధారమేమీ లేదు. రెండూ ఆ రాయివే.

నీటి లోతు దీనికి వ్యతిరేకంగా పనిచేస్తుంది. నీటికి రంగు లేదంటాం గానీ, స్వచ్ఛమైన నీరు కూడా ఎరుపును మింగుతుంది. లోతు ఒక మీటరు అనుకోండి. కాంతి కిందికి ఒక మీటరు, పైకి ఒక మీటరు, మొత్తం రెండు మీటర్లు నడవాలి. ఆ నడకలో 650 నానోమీటర్ల తరంగదైర్ఘ్యమున్న ఎరుపులో దాదాపు సగం పోతుంది. నీలంలో పోయేది 2 శాతమే. అర మీటరు లోతులో ఎరుపు సుమారు 70 శాతం మిగులుతుంది, 20 సెంటీమీటర్ల లోతులో 87 శాతం. కాబట్టి ఒకే రకం ఎర్రరాయి ఒడ్డు పక్కన ఎర్రగా, మడుగు మధ్యలో గోధుమరంగుగా, ఇంకా లోతున నీలి ఛాయతో కనిపించాలి. ఈ మార్పు ఫొటోలో కనబడితే అది నీటి సంతకం.

లోతును కన్ను తక్కువగా అంచనా వేస్తుందన్నది ఇంకో సంగతి. వక్రీభవనం వల్ల మీటరు లోతు నేరుగా పైనుంచి చూస్తే 75 సెంటీమీటర్లలా అనిపిస్తుంది. వాలుగా చూస్తే ఇంకా తక్కువ. ఫొటో కోసం అడుగు పెట్టేవాళ్ళు మోకాలి లోతనుకుని నడుము లోతులో దిగేది ఇక్కడే.

## ఎండ మేలా, మబ్బు మేలా

ప్రకృతి దృశ్యాలకు ఉదయం, సాయంత్రం వేళల బంగారు వెలుతురే మేలని మొదటి పాఠంగా చెబుతారు. నీటి అడుగు రాళ్ళకు ఆ పాఠం సరిపోదు. సూర్యుడు దిగంతానికి 10 డిగ్రీల ఎత్తున ఉన్నప్పుడు కిరణం నీటిని తాకేది 80 డిగ్రీల వాలులో. మూడో వంతుకు పైగా వెలుగు నీటిలోకి దిగకుండానే తిరిగిపోతుంది. రాళ్ళు చీకట్లో, ఆకాశం వెలుగులో ఉంటాయి. నడినెత్తిన ఎండ ఉంటే 98 శాతం లోపలికి దిగుతుంది.

అయితే నడినెత్తి ఎండలో ప్రతి అలా ఒక చిన్న భూతద్దమై, అడుగున తెల్లటి గీతల వలను కదిలిస్తూ ఉంటుంది. కొందరికి ఆ వెలుగు వలే ఫొటోకు ప్రాణం. రాయి ఆకారాన్నీ చారల్నీ చూపాలనుకునేవారికి అదే పెద్ద అడ్డంకి. వాళ్ళు మబ్బు కోసం చూస్తారు. మబ్బు పట్టిన రోజున వల ఉండదు, కఠినమైన నీడలూ ఉండవు. కానీ ఆకాశమంతా ఒక తెల్లటి దుప్పటిగా నీటిలో పడుతుంది కాబట్టి ఫిల్టర్, చరియ నీడ మరింత అవసరమవుతాయి. ఎండ పైన ఉండి, నీరు మాత్రం కొండ నీడలో పడే చోట్లు లోయల్లో దొరుకుతాయి. అక్కడ రాళ్ళకు వెలుగిచ్చేది నీలాకాశం. అందుకే ఫొటో నీలిగా వస్తుంది, తెలుపు తెలుపుగా కనిపించేలా రంగుల్ని సరిదిద్దే వైట్ బ్యాలెన్స్‌ను సరిచేయక తప్పదు.

## షట్టర్ ఎక్కువసేపు తెరిస్తే నీరు తేటపడుతుందా

చాలామంది పడే తికమక ఇది. షట్టర్‌ను కొన్ని సెకన్లు తెరిచి ఉంచితే పారే నీరు పట్టు బట్టలా వస్తుంది. అదే పని చేస్తే అడుగు కూడా స్పష్టమవుతుందని అనుకుంటారు. చిన్న లెక్క వేసి చూద్దాం. అల వల్ల నీటి పైతలం 10 డిగ్రీలు వంగిందనుకోండి. ఆ చోట కిందికి చూసే చూపు సుమారు రెండున్నర డిగ్రీలు మళ్ళుతుంది. లోతు 50 సెంటీమీటర్లయితే, అడుగున ఆ చూపు పడే చోటు దాదాపు 2 సెంటీమీటర్లు పక్కకు జరుగుతుంది. అల అటు వంగితే అటు, ఇటు వంగితే ఇటు. షట్టర్ రెండు సెకన్లు తెరిచి ఉంటే ఈ జరుగుళ్ళన్నీ ఒకదాని మీద ఒకటి పడతాయి. 2 సెంటీమీటర్ల గులకరాయి కరిగిపోతుంది. 40 సెంటీమీటర్ల బండ అంచు మాత్రమే మెత్తబడుతుంది.

కాబట్టి ఎక్కువసేపు తెరిచిన షట్టర్ మెరుపుల్నీ వెలుగు వలనూ సగటు చేస్తుంది, కానీ చిన్న రాళ్ళ వివరాన్ని అందుకు మూల్యంగా తీసుకుంటుంది. సెకనులో 500వ వంతు లాంటి వేగం అలను గడ్డకట్టిస్తుంది. రాళ్ళు వంకర్లు తిరిగి ఉండొచ్చు గానీ ఒక్కో ముక్కా పదునుగా ఉంటుంది. అడుగు రాళ్ళు పట్టులా కాక రాళ్ళలాగే రావాలంటే షట్టర్ కన్నా ముందు వెతకాల్సింది నీరు నిదానించే చోటు. పెద్ద బండ వెనక, మడుగు చివర, జలజల మొదలయ్యే ముందు నీరు గాజులా సాగే ఆ కొద్దిపాటి జాగా. ఒకే ఫొటోలో రాతి మీదుగా దూకే నీటి నురగ కదలికనూ, దాని ముందరి మడుగు అడుగునూ పట్టుకోవాలనుకునేవాళ్ళు రెండు వేగాల్లో తీసి కలుపుతారు. అలా కలిపినట్టు చెప్పాలా వద్దా అన్నదాని మీద ఏకాభిప్రాయం లేదు. పత్రికా ఛాయాచిత్రాల్లో అలా కలపడమే కుదరదు, గోడకు వేలాడదీసే బొమ్మల్లో మామూలే.

ఫోకస్ దగ్గర ఒక విచిత్రం ఉంది. నీటిలో పడ్డ కొండ ప్రతిబింబం నీటి మీద ఉన్నట్టు అనిపిస్తుంది గానీ, లెన్స్‌కు అది కొండంత దూరంలోనే ఉంటుంది. రాయి మాత్రం మీటరు దూరంలో. రెండూ స్పష్టంగా రావాలంటే వెడల్పైన దృశ్యాన్ని పట్టే లెన్స్ కావాలి. పెద్ద సెన్సర్ ఉండే ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో 24 మి.మీ. లెన్స్‌ను ఎఫ్/11 దగ్గర, అంటే కాంతి వచ్చే రంధ్రాన్ని చిన్నది చేసి పెట్టి, సుమారు 1.75 మీటర్ల మీద ఫోకస్ చేస్తే 90 సెంటీమీటర్ల నుంచి అనంతం దాకా స్పష్టంగా వస్తుంది. 50 మి.మీ. లెన్స్‌తో అదే ఎఫ్/11 దగ్గర ఆ స్పష్టత మొదలయ్యేది దాదాపు 3.8 మీటర్ల నుంచి.

## రంగు ఎక్కడ దిద్దుబాటు, ఎక్కడ పూత

బాగా చేతులు మారే ఫొటోల్లో కొన్ని అమెరికాలోని మోంటానా రాష్ట్రం, గ్లేసియర్ జాతీయ పార్కులో ఉన్న మెక్‌డొనాల్డ్ సరస్సు రాళ్ళవి. అక్కడి రాళ్ళు నిజంగానే రంగురంగులవి. ఆర్జిలైట్ అనే ఆ రాయి వంద కోట్ల సంవత్సరాలకు పైబడిన పురాతన సముద్రపు బురద గట్టిపడగా ఏర్పడింది. లోతు తక్కువైన చోట ఇనుము ప్రాణవాయువు తగిలి ఎర్రబారింది. ప్రాణవాయువు అందని లోతుల్లో ఆకుపచ్చగా ఉండిపోయింది. అంటే రంగుల తేడా సాఫ్ట్‌వేర్ కల్పన కాదు. అయినా చుట్టూ తిరిగే ఫొటోల్లో చాలావాటిలో ఆ రంగులు మిఠాయిల్లా వెలుగుతుంటాయి. కల్పన రంగులో లేదు, మోతాదులో ఉంది.

మోతాదు ఎవరు నిర్ణయించాలి? కెమెరా ఇచ్చినదాన్ని ముట్టుకోకూడదని ఒక వర్గం అంటుంది. కానీ కెమెరా సెన్సర్ నమోదు చేసేది ముడిసరుకు. దాన్ని రంగులుగా మార్చేటప్పుడు వైట్ బ్యాలెన్సూ కాంట్రాస్టూ ఎవరో ఒకరు ఎంచుకోక తప్పదు. మనం ఎంచుకోకపోతే కెమెరా తయారీదారు ఎంచుకున్నట్టే. నీరు మింగిన ఎరుపును తిరిగి ఇవ్వడం న్యాయమేనని రెండో వర్గం వాదన. ఇక్కడా ఒక మెలిక ఉంది. ఆ ఎరుపును పూర్తిగా తిరిగి ఇస్తే వచ్చేది చేతిలోకి తీసుకున్న తడి రాయి రంగు, ఒడ్డున నిలబడ్డ ఏ మనిషికీ కనిపించనిది. నా మటుకు నాకు తడి రాయి రంగే హద్దుగా తోస్తుంది. అదే రాయిని నీటిలోంచి తీసి పక్కన పెట్టి, వెంటనే ఇంకో ఫొటో తీస్తే పోల్చడానికి ఒక ఆధారం మిగులుతుంది. ఆ హద్దు దాటిన రంగు చిక్కదనం (సాచురేషన్) రాయిది కాదు, రంగు పూసినవాడిది.

రాయిని తీయడం, పేర్చడం దగ్గరా ఇలాంటి భేదమే ఉంది. ఎర్రరాయిని కాస్త ముందుకు జరిపితే ఫొటో నిండుతుందని చేయి లాగుతుంది. కానీ ఏటి అడుగున పై పొరలో పెద్ద రాళ్ళు కవచంలా పరుచుకుని, కింద సన్నటి ఇసుకను, ఒండ్రును పట్టి ఉంచుతాయి. కదిపితే బురద లేచి, ఏ తేటదనం కోసం వచ్చామో అదే పోతుంది. రాళ్ళ కింద పురుగుల పిల్లదశలు, చేప గుడ్లు ఉంటాయి. అమెరికాలోని అపలేచియన్ కొండల్లో హెల్‌బెండర్ అనే పెద్ద సాలమాండర్ (బల్లిలా కనిపించే ఉభయచరం) చదునైన బండల కిందే బతుకుతుంది, ఆ బండలు కదలడం దానికి ప్రాణగండం. అదే దేశపు జాతీయ పార్కుల్లో రాళ్ళు పట్టుకుపోవడం నిషేధం. తీసిన చోటే, తీసినట్టే తిరిగి పెట్టిన ఒక్క రాయితో ఏరు పాడైపోదన్న మాటా నిజమే. ఆ ఒక్క రాయిని రోజూ వచ్చే వందమంది తీస్తే ఆ లెక్క మారిపోతుంది.

## ఎదురుగా ఉన్న ఫొటోను చదవడం

ఒక ఫొటోలో నీరు ముందు నుంచి దూరపు మలుపు దాకా ఒకేలా పారదర్శకంగా ఉందనుకోండి. మొదట కెమెరా ఎత్తును ఊహించాలి. మనిషి నిలబడి తీసినట్టుంటే ఒకటిన్నర మీటర్లు. అప్పుడు 2 మీటర్ల దూరంలో పోలరైజర్ ప్రతిబింబాన్ని పూర్తిగా తుడిచేయగలదు. 4 మీటర్ల దగ్గర చూపు వాలు 70 డిగ్రీలు, అక్కడా రాళ్ళు బాగానే కనిపించొచ్చు. 8.5 మీటర్ల దగ్గర వాలు 80 డిగ్రీలు. ఫిల్టర్ ఉన్నా నాలుగో వంతు ఆకాశం నీటి మీద మిగలాల్సిందే. కాబట్టి ఎనిమిది, పది మీటర్ల అవతల గులకరాళ్ళు కాళ్ళ దగ్గరి రాళ్ళంత తేటగా ఉండి, అదే నీటి వెనక తెల్లటి ఆకాశం వెలుగుతుంటే ఆ బొమ్మలో ఏదో కలిపారు, లేదా అది కెమెరా తీసింది కాదు. అదే ఆ దూరపు నీటి వెనక నల్లటి చరియ నిలబడి ఉంటే అనుమానం వెనక్కి తీసుకోవాలి, ఎందుకంటే అక్కడ ప్రతిఫలించడానికి వెలుగే లేదు. ఆపైన లోతు పెరిగే చోట ఎర్రరాళ్ళు గోధుమరంగుకు తిరిగాయో లేదో, చదును రాళ్ళ పైతలాలు ప్రవాహం వచ్చే దిక్కుకు దిగుతూ ఉన్నాయో లేదో, ఎండ పడే చోట అడుగున వెలుగు వల ఉందో లేదో చూడాలి.